అక్క కొడుక్కి డీహెచ్‌ఆర్ పరీక్ష రాశారు, చేయించాలా?

మీ ప్రశ్న చదివాను. మీ అక్క కొడుకు మూడున్నరేళ్ల బాబు. ముడ్డి దగ్గర రెండుసార్లు సెగ్గడ్డ, మెడలో బిళ్లలు, ఒక టీబీ మందుల కోర్సు, ఇప్పుడు కాలేయంలో చీముగడ్డ. డాక్టరు హైదరాబాద్ పోయి డీహెచ్‌ఆర్ అనే రక్త పరీక్ష చేయించమన్నారు. ఇంట్లో వాళ్లేమో "మేనరికం కదా, పిల్లగాడు బలహీనం, మంచిగ తినిపిస్తే సర్దుకుంటది" అంటున్నారు. మీ అక్కకు ఇప్పుడు ఎనిమిదో నెల, ఈ టైంలో తిప్పడం ఎందుకు అని అడిగారు. పోండి తమ్ముడూ. ఈ వారమే పోండి. మీరు రాసిన వరుస మా వాడిదే అనిపించింది.

మాది నల్లగొండ జిల్లా, హాలియా దగ్గర పల్లె. మా వాడికి పుట్టగానే టీబీ రాకుండా వేసిన బీసీజీ సూది పుండు నెలలు గడిచినా మానలేదు. నాలుగో నెలలో ఎడమ చంకలో నిమ్మకాయంత గడ్డ. తర్వాత మెడలో. కోసిన ప్రతిసారీ చీము, మానడానికి నెల. చీములో టీబీ క్రిమి దొరకకపోయినా ఆరు నెలలు ఆ మందులు మింగించాం. మూడో ఏట కాలేయంలో చీము పడితే ఒక ఆస్పత్రిలో తీసేసి, నీళ్లు కాచి తాగించండని పంపేశారు. రెండు నెలలకే మళ్లీ వచ్చింది. అప్పుడు చూసిన పిల్లల డాక్టరు మా సంచిలోని చీటీలన్నీ మంచం మీద తేదీల వారీగా పరిచి, "ఇన్ని గడ్డలకూ ఒకటే కారణం ఉండాలమ్మా" అన్నాడు. దాని పేరు క్రానిక్ గ్రాన్యులోమాటస్ డిసీజ్. సీజీడీ అంటారు.

నాకు అర్థమైనట్టు చెప్తా. వానాకాలం బావిలో బ్లీచింగ్ పొడి చల్లుతారు కదా. మన ఒంట్లో న్యూట్రోఫిల్ అనే తెల్లకణం కూడా క్రిమిని మింగాక దాని మీద అలాంటి ఘాటు మందే తయారుచేసి చల్లుతుంది. ఈ పిల్లల్లో ఆ మందు తయారుచేసే ఎంజైము పనిచేయదు. కణం మింగుతుంది, చంపలేదు. అందుకే మామూలు జలుబు, వైరస్ జ్వరాలు మిగతా పిల్లలకు తగ్గినట్టే తగ్గుతాయి. కొన్ని రకాల బ్యాక్టీరియా, ఫంగస్ దగ్గరే చిక్కు. రక్తంలో తెల్లకణాల లెక్క చూస్తే బాగానే ఉంటుంది. మమ్మల్ని మూడేళ్లు మోసం చేసింది ఆ రిపోర్టే.

డీహెచ్‌ఆర్ అంటే ఆ కణాలకు రంగు పట్టించి, రెచ్చగొట్టి, వెలుగుతున్నాయా లేదా చూడటం. రక్తం తాజాగా ఉండాలి. ఇక్కడ తీయించి కొరియర్‌లో పంపుతామంటే ఒప్పుకోకండి, బాబును తీసుకుని నేరుగా ల్యాబుకే పోండి. పోల్చుకోవడానికి మా ఆయన రక్తం కూడా తీశారు, తర్వాత నాది. కాగితం మీద గ్రాఫులో ఆయనది ఒక కొండ, పూర్తిగా కుడివైపు జరిగి ఉంది, అంటే కణాలు వెలిగినట్టు. బాబుదీ ఒక కొండే, ఎడమవైపు కదలకుండా కూర్చుంది. నాది రెండు కొండలు. నా కణాల్లో కొన్ని వెలిగాయి, కొన్ని వెలగలేదు. డాక్టరు నా ముఖం చూసి "ఎండకు దద్దుర్లు, నోట్లో పుండ్లు వస్తుంటాయా" అని అడిగాడు. చిన్నప్పటి నుంచీ వస్తాయి. లోపం ఉన్న జన్యువును మోసే కొందరు ఆడవాళ్లకు ఇలా ఉంటుందట.

మేనరికం సంగతి కూడా చెప్పాలి. మాది మేనరికం కాదు. మా వాడికి తల్లి వైపు నుంచి ఎక్స్ క్రోమోజోమ్ ద్వారా వచ్చింది. మా అమ్మ అన్న ఒకాయన నాలుగేళ్లప్పుడే గడ్డలతో పోయాడు, అమ్మవారి కోపం అనుకున్నారు. ఇంకో రకం తల్లిదండ్రులిద్దరి నుంచీ వస్తుంది, దానికి మేనరికంలో అవకాశం ఎక్కువ. మీ అక్క వాళ్లది ఏదో జన్యు పరీక్షే చెప్పాలి. అప్పటిదాకా ఎవరూ ఆమెను ఒక్క మాట అనకుండా మీరు చూసుకోండి. నేను పడ్డాను.

జబ్బు తేలాక రోజూ రెండు మందులు: బ్యాక్టీరియాకు కోట్రైమాక్సజోల్, ఫంగస్‌కు ఇట్రాకొనజోల్. ఇట్రాకొనజోల్ క్యాప్సూల్ కడుపునిండా తిన్నాకే వేయాలి. మందుల కంటే కష్టమైంది గడ్డివాము. మా మామ ముద్దుకొద్దీ వాణ్ని తడిసి బూజు పట్టిన వరిగడ్డి మీద ఎక్కించి ఆడించాడు. ఐదారు రోజులకే జ్వరం, ఆయాసం, రెండు ఊపిరితిత్తుల్లోనూ ఫంగస్. నెల రోజులు ఆస్పత్రిలోనే. ఇంటికొచ్చాక బర్రెలను అమ్మేశాం. మిరుగు ముందు పెంట తోలే రోజుల్లో వాణ్ని మా అమ్మగారింటికి పంపేస్తా. కుళ్లిన ఆకులు, ఎరువు కుప్ప, ఎండుగడ్డి దుమ్ము, ఇవి వద్దు. బడికి మాత్రం పంపుతున్నాం, ఇది అంటుకునే రోగం కాదు.

ఇంకోటి. ఐదో ఏట నెత్తురు విరేచనాలు పట్టుకున్నాయి. ఎన్ని పరీక్షలు చేసినా క్రిమి లేదు. క్రిమి లేకపోయినా వాపు ఆగకపోవడం ఈ జబ్బు గుణమేనట. స్టెరాయిడ్ రాస్తే నాకు గుండె ఆగినంత పనైంది, అసలే రోగనిరోధక శక్తి లేని పిల్లాడికి అది ఇస్తారా అని గొడవ పడ్డాను. వారంలో నెత్తురు ఆగింది. మీకూ రాస్తే భయపడకండి, మీ అంతట మీరు ఆపకండి.

పూర్తిగా నయం చేసేది మూలకణాల మార్పిడి, బోన్‌మ్యారో అంటాం కదా, అదే. మా పాపది సరిపోయింది, ఏర్పాట్లలో ఉన్నాం. కేంద్రం 2021 అరుదైన వ్యాధుల విధానంలో సీజీడీ కూడా ఉంది, రూ. 50 లక్షల దాకా సాయం దొరకొచ్చు. మనకు దగ్గర్లోని కేంద్రం హైదరాబాద్‌లో నిమ్స్ ఆస్పత్రి, సీడీఎఫ్‌డీ అనే డీఎన్‌ఏ పరీక్షల సంస్థ కలిసి నడిపేది.

మీ అక్క సంగతి. కాన్పు ఎక్కడ చేయించినా, పుట్టిన బిడ్డకు పరీక్ష ఫలితం వచ్చేదాకా బీసీజీ వేయొద్దని ముందే చెప్పండి. పోలియో చుక్కలకు ఈ జబ్బులో అభ్యంతరం లేదు, బీసీజీకే. నోటిమాటగా చెబితే డ్యూటీ మారగానే మర్చిపోతారు. పరీక్ష రాసిన డాక్టరు చేతనే చీటీ రాయించి, కేస్ షీట్ మొదటి పేజీకి పిన్ను కొట్టించండి.