పర్యావరణానికి హాని చేయని ఫోన్ ఏది? నా అనుభవం ఇదీ

ఇరవై వేలలోపు పర్యావరణానికి హాని చేయని ఫోన్ ఏదైనా ఉందా, ఫెయిర్‌ఫోన్ ఇక్కడ కొనొచ్చా అని అడిగారు. ఫెయిర్‌ఫోన్ నెదర్లాండ్స్ కంపెనీది, 2013లో మొదలైంది. మామూలు స్క్రూడ్రైవర్ ఉంటే చాలు, బ్యాటరీ, స్క్రీన్ మనమే మార్చుకోవచ్చు. కానీ ఇక్కడ అమ్మరు. ఎవరి చేతనో బయటి దేశం నుంచి తెప్పించినా, రేపు దాని పార్టు కోసం మా కావలిలో ఎవర్ని అడగాలి? దాన్ని పక్కన పెట్టేయండి.

నా ఫోన్ 2019లో కొన్నది. మూడేళ్లకే మధ్యాహ్నానికల్లా ఛార్జింగ్ అయిపోయేది. ఎక్స్చేంజ్ ఆఫర్ చూసి దాదాపు మార్చేశాను. అప్పుడే ఆపిల్ వాళ్ల లెక్క ఒకటి చదివా. ఐఫోన్ వల్ల గాలిలో కలిసే కార్బన్‌లో సుమారు 80 శాతం తయారీలోనే వస్తుందట. మనం రోజూ పెట్టే ఛార్జింగ్‌ది చిన్న వాటానే. అంటే ఉన్న ఫోన్‌ని ఇంకో రెండేళ్లు లాగడమే అన్నిటికన్నా మేలు.

సరే అని బజారులో 500 పెట్టి బ్యాటరీ వేయించా. చౌకగా అయిపోయిందని సంబరపడ్డా. రోహిణి ఎండలకి అది ఉబ్బి వెనక మూత పైకి లేచింది. తీసుకెళ్తే "ఎండకి అంతే అన్నా, మేమేం చేస్తాం" అన్నాడు షాపతను. ఎండ బ్యాటరీకి శత్రువన్నది నిజమే, బైక్ ట్యాంక్ కవర్లో పెట్టి తిరగడం నా తప్పే. కానీ కంపెనీ బ్యాటరీ అయితే అంత తొందరగా ఉబ్బేది కాదేమో. చివరికి నెల్లూరు వెళ్లి సర్వీస్ సెంటర్లో 1,600కి ఒరిజినల్ వేయించా. ఒక పూట పోయింది గానీ ఫోన్ మరో రెండేళ్లు నడిచింది.

దాన్ని ఆపింది బ్యాటరీ కాదు, సాఫ్ట్‌వేర్. ఆండ్రాయిడ్ పాతదైపోయి బ్యాంకు యాప్ తెరుచుకోలేదు. అందుకే మీరు కొత్తది కొంటే కెమెరా కంటే ముందు అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారో చూడండి. గూగుల్ పిక్సెల్ 8, శాంసంగ్ ఎస్24లకి ఏడేళ్లు అన్నారు, కానీ అవి మీ బడ్జెట్‌కి అందవు. రీఫర్బిష్డ్, అంటే బాగుచేసి మళ్లీ అమ్మే వాడిన ఫోన్ తీసుకుంటారా, నాకైతే అదే నచ్చుతుంది. బిల్లు తప్పనిసరి. *#06# కొట్టి ఐఎంఈఐ నంబర్ (ఒక్కో ఫోన్‌కి ఉండే గుర్తింపు నంబర్) తీసుకుని ప్రభుత్వ వెబ్‌సైట్ సంచార్ సాథీలో చూసుకోండి, దొంగ ఫోన్ అయితే బ్లాక్ లిస్టులో ఉండొచ్చు.

ఇక పాత ఫోన్ల సంగతి. మా వీధిలోకి మైకు పెట్టుకుని "పాత సెల్‌ఫోన్లకి ప్లాస్టిక్ టబ్బులు" అంటూ ఆటో వస్తుంది. మా అమ్మ రెండు ఫోన్లిచ్చి ఒక టబ్బు తీసుకుంది. ఇవి ఎక్కడికి పోతాయయ్యా అంటే మద్రాసుకి అన్నాడు, అంతకుమించి అతనికీ తెలీదు. ఇలాంటివి చాలావరకు బంగారం కోసం యాసిడ్‌లో ముంచే చోటికి చేరతాయి, ఆ నీళ్లు కాలవలో పోస్తారు. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నిబంధనల ప్రకారం రీసైక్లింగ్ బాధ్యత తయారుచేసిన కంపెనీదే. అందుకే ఆ ఉబ్బిన బ్యాటరీ, ఇంట్లో పడున్న చచ్చిన ఫోన్ రెండూ నెల్లూరు సర్వీస్ సెంటర్లోనే ఇచ్చేసి వచ్చా. "ఊరికే ఇచ్చొచ్చావా, ఇంకో టబ్బన్నా వచ్చేది" అని మా అమ్మ ఇప్పటికీ అంటూనే ఉంది.