పక్కింటి ఇంటర్నెట్ తీగను మా బట్టల తీగకు కట్టేశారు

ప్రశ్న: మాది హనుమకొండ. పక్కింటివాళ్లు ఈమధ్య ఇంటర్నెట్ పెట్టించుకున్నారు. మేం ఊళ్లో లేనప్పుడు వచ్చిన కుర్రాడు కేబుల్‌ను మా డాబా మీదుగా లాగి, బట్టలారేసే ఇనప తీగకు ముడేసి, మా గోడకు మేకులు కొట్టి వాళ్లింట్లోకి తీసుకెళ్లాడు. అది మా కరెంటు సర్వీసు వైరును రాసుకుంటూ వేలాడుతోంది. మేకులు కొట్టినచోట వాన పడితే గోడ నెమ్మెక్కుతోంది. వాళ్లనడిగితే ‘కంపెనీకి చెప్పుకోండి’ అంటారు. కంపెనీని అడిగితే ‘కస్టమరే ఫోన్ చేయాలి’ అంటుంది. మావారు కత్తెర పట్టుకుని పైకెళ్తానంటున్నారు. ఆ ఇంటి అక్కతో నాకు పన్నెండేళ్ల స్నేహం. ఏం చెయ్యను?

జవాబు: ముందు ఆ కత్తెర లాక్కోండి. స్నేహం సంగతి తర్వాత, ముందు ప్రాణం సంగతి చూడాలి. అది ఫైబర్, అంటే సన్నని గాజు పోగున్న కేబుల్ అయి ఉంటుంది. ఫైబర్‌లో నడిచేది వెలుగే, కరెంటు కాదు. అందుకే దాన్ని పట్టుకుంటే ఏమీ కాదని చాలామంది ధీమాగా ఉంటారు. కానీ స్తంభం నుంచి ఇంటికి లాగే నల్ల కేబుల్‌లో గాజు పోగు ఒక్కటే ఉండదు. బరువు మోయడానికి పక్కన ఉక్కు తీగ కూడా సాధారణంగా ఉంటుంది. గాలికి ఊగి ఊగి రాపిడికి సర్వీసు వైరు (స్తంభం నుంచి మీ ఇంటికి కరెంటు తెచ్చే వైరు) తొడుగు అరిగితే ఆ ఉక్కు తీగలోకి కరెంటు రావచ్చు. అక్కడి నుంచి మీ బట్టల తీగలోకి, దాని మీద ఆరేసిన తడి చీరలోకి కూడా. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి శోభాయాత్ర రథానికి కరెంటు తగిలి ఐదుగురు పోయాక హైదరాబాద్‌లో కరెంటు స్తంభాల మీది ఇంటర్నెట్, టీవీ కేబుళ్లను ఎందుకు తెంపేశారో మీకు గుర్తుండే ఉంటుంది.

కాబట్టి ఈ రోజు నుంచి ఆ తీగ మీద బట్టలు ఆరేయకండి, ముట్టుకోకండి. కర్రతో పక్కకు నెట్టి చూద్దామనీ అనుకోకండి. పిల్లల్ని డాబా ఎక్కనివ్వకండి. కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేసి, కరెంటు బిల్లు మీదున్న సర్వీసు నంబరు చెప్పి, ‘సర్వీసు వైరును వేరే కేబుల్ రాసుకుంటోంది’ అనండి. సరిగ్గా ఈ మాటే అనండి. ‘పక్కింటి నెట్టు వైరు అడ్డంగా ఉంది’ అంటే మాకు సంబంధం లేదంటారు. లైన్‌మన్ వచ్చి సరఫరా ఆపి, తొడుగు అరిగిందో లేదో చూస్తాడు.

ఇక అక్క విషయం. కంపెనీ లెక్కలో కస్టమర్ ఆవిడే, మీరు ఎవరూ కారు. రిజిస్టరైన ఫోన్ నంబరు నుంచి ఫిర్యాదు వెళ్తేనే డాకెట్ నంబరు (ఫిర్యాదు నమోదైన సంఖ్య) వస్తుంది, అది ఉంటేనే పైవాళ్లను అడగొచ్చు. అంటే ఆవిడతో గొడవపడితే మీకున్న దగ్గరి దారి మూసుకుపోతుంది. ఇన్నాళ్లూ ‘మీ వైరు మా ఇంటి మీద’ అనే అడిగి ఉంటారు. అలా అడిగితే ఎవరైనా ముడుచుకుపోతారు. నిజానికి ఈ పనితనం వల్ల ఆవిడా నష్టపోతోంది. ముడేసినచోట కేబుల్ మెలి తిరుగుతుంది. గాజు పోగు మరీ చిన్న మెలికలో వంగితే వెలుగు బయటకు కారిపోయి స్పీడు తగ్గుతుంది, లేదా నెట్టు వస్తూ పోతూ ఉంటుంది. కోతులు పట్టుకుని ఊగినా, సంక్రాంతికి మాంజా తగిలినా తెగిపోతుంది. అప్పుడు వాళ్లింటి నెట్టు డబ్బాలో సిగ్నల్ పోయిందని ఎర్ర లైటు వెలుగుతుంది. ఇది మీకన్నా ఆవిడకే పెద్ద తలనొప్పి.

సాయంత్రం తీరిగ్గా ఉన్నప్పుడు మీరొక్కరే వెళ్లండి. మీవారిని తీసుకెళ్లకండి. ‘అక్కా, వర్షం పడితే మీ నెట్టు పోతోందా? కేబుల్ వేసినతను చేసిన పని చూడు’ అని ఫోన్‌లో రెండు ఫొటోలు చూపించండి. ఒకటి ముడి దగ్గరిది, ఇంకోటి సర్వీసు వైరును రాసుకునేచోటిది. రెండూ దూరం నుంచే తీయండి. అక్కడే కూర్చుని ఆవిడ ఫోన్ నుంచి ఫిర్యాదు పెట్టించండి.

పనివాడు వచ్చినప్పుడు మాత్రం పక్కనే నిలబడాలి. లేకపోతే ముడి విప్పి ఇంకోచోట వేసి వెళ్లిపోతాడు. అతనితో చేయించాల్సినవి: కేబుల్ మీ డాబా మీదుగా కాకుండా వీధి వైపు నుంచి నేరుగా వాళ్ల గోడకే రావాలి, కరెంటు వైరును తాకకుండా, గాలికి ఊగినా తగలనంత ఎడంగా. వాళ్ల గోడకు కొక్కెం బిగించి, కేబుల్‌లోని ఉక్కు తీగను విడదీసి దానికి మాత్రమే లాగి కట్టాలి. గాజు పోగున్న భాగం మీద లాగుడు పడకూడదు. గోడ వెంట దిగేది పీవీసీ పైపులో, సుమారు రెండడుగులకో శాడిల్‌తో (పైపును గోడకు పట్టి ఉంచే బిళ్ల). మిగిలిన కేబుల్‌ను జానెడు వెడల్పు చుట్టగా చుట్టి కట్టాలి, పిడికెడంత ఉండలా కాదు. మధ్యలో అతుకుంటే టేపు చాలదు, మూతబిగించే డబ్బా కావాలి. తీసేసిన పాత కేబుల్‌ను అక్కడే వదలకుండా పట్టుకెళ్లమనండి. తెగిన కొసలోకి ఎవరూ తొంగిచూడొద్దు. ఆ వెలుగు కంటికి కనపడదు గానీ కన్నుకు మంచిది కాదు. గాజు ముక్కలు కూడా కాలికి గుచ్చుకుంటే కనపడవు.

వాళ్ల గోడకు వేసే రంధ్రం లోపలి నుంచి బయటకు వాలుగా ఉండాలి. కేబుల్ రంధ్రంలోకి దూరే ముందు కాస్త కిందికి వంగి మళ్లీ పైకి రావాలి. నీటి చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. ఆ వంపు లేకపోతే వాన నీళ్లు కేబుల్ పట్టుకుని సరాసరి గోడలోకే వెళ్తాయి. మీ గోడ నెమ్ముకు కారణం మేకుల రంధ్రాలే అయి ఉంటుంది. మేకులు పీకించి, గోడ పూర్తిగా ఆరాకే పూడ్పించి రంగు వేయించండి. ఆ ఖర్చు అక్కను అడగకండి. కొద్దిపాటి సిమెంటు పని అది. అడిగితే పన్నెండేళ్ల లెక్కలు బయటికొస్తాయి.

ఒకవేళ ఆవిడ ఎంతకీ ఫోన్ చేయకపోతే, ఫొటోలు జతచేసి, మా స్థలంలో కేబుల్ వేయడానికి మేం ఒప్పుకోలేదని కంపెనీకి రాతపూర్వకంగా పంపండి. 2023 టెలికాం చట్టం ప్రకారం ప్రైవేటు స్థలం మీదుగా లైను వేయాలంటే యజమానిని అడిగి ఒప్పించుకోవాల్సింది కంపెనీయే. అదే చట్టం కింద లైను కావాలని తెంపడం కూడా తప్పే. మీవారికి ఈ రెండో మాట కూడా చెప్పండి. ఉత్తరం పంపే ముందు రోజు అక్కకు నోటిమాటగా చెప్పి పంపండి. వెనక నుంచి తెలిస్తేనే మనసు విరుగుతుంది.