దత్తత కోసం ఏళ్లకేళ్లు ఎదురుచూపులు, మరోపక్క హోముల్లో పిల్లలు. ప్రభుత్వం ఏం చేయాలి?

హోములో ఉన్న ప్రతి బిడ్డనూ దత్తత ఇవ్వలేరు. ముందు జిల్లా శిశు సంక్షేమ కమిటీ ఆ బిడ్డకు 'దత్తతకు అర్హత ఉంది' అని ప్రకటించాలి. వదిలేసిన బిడ్డకు రెండేళ్లలోపు వయసుంటే 2 నెలల్లో, ఆపైన ఉంటే 4 నెలల్లో ఆ పని జరగాలని 2015 జువెనైల్ జస్టిస్ చట్టం చెబుతోంది. కానీ తల్లిదండ్రుల ఆచూకీ దొరకలేదని పోలీసుల రిపోర్టు రాకపోతే ఫైలు చాలాసార్లు అక్కడే ఆగిపోతుంది. నా దృష్టిలో అసలు చిక్కు ఇదే. 2021 సవరణతో దత్తత ఉత్తర్వులిచ్చే అధికారం కోర్టుల నుంచి కలెక్టర్లకు వచ్చింది, మంచిదే. అయితే అది చివరి మెట్టు. మొదటి మెట్టు, అంటే కమిటీ ప్రకటన దగ్గర గడువు దాటిన ప్రతి ఫైలునూ కలెక్టరే నెలనెలా అడిగి తెలుసుకోవాలి.

తల్లో తండ్రో ఉండి, కేవలం పేదరికం వల్ల హోముకి చేరే పిల్లలకు దత్తత పరిష్కారం కాదు. పిల్లల సంరక్షణ కోసం ఉన్న కేంద్ర పథకం మిషన్ వాత్సల్య కింద ఇచ్చే నెలకు 4,000 రూపాయలు సకాలంలో అందితే ఆ బిడ్డ అమ్మ దగ్గరే ఉండి చదువుకోవచ్చు.

ఇక 18 ఏళ్లు నిండి హోముల నుంచి బయటికొచ్చేవాళ్లు. 21 ఏళ్ల దాకా ఆదుకునే వీలు చట్టంలో ఉంది. వాళ్లు గేటు దాటకముందే ఆధార్, బ్యాంకు ఖాతా, హాస్టల్ సీటు చేతికివ్వాలి.