మెరిసే గౌను మీదే చూపు ఎందుకు ఆగుతుంది?

ప్రశ్న: మా కుటుంబ స్నేహితుడొకరు అప్పుడప్పుడు స్త్రీల దుస్తులు ధరిస్తారని ఈమధ్యే తెలిసింది. అందులో నాకు అభ్యంతరమేమీ లేదు. అయితే ఆ మెరుపుల గౌన్లు, దట్టమైన మేకప్ చూసినప్పుడు ‘కాస్త సాదాగా తయారు కావచ్చు కదా’ అనిపిస్తుంది. క్రాస్‌డ్రెస్సర్లందరూ ఇంత ఆర్భాటంగా ఎందుకు ఉంటారు? ఈ మాట ఆయనతో అనవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ ప్రశ్నలో ‘అందరూ’ అన్న మాట దగ్గర కొంచెం ఆగాలి. సాదా దుస్తుల్లో మీ పక్కనుంచే నడిచి వెళ్లినవారిని, ఇంట్లో తలుపులు వేసుకుని మాత్రమే ఆ దుస్తులు ధరించేవారిని మీరు లెక్కలోకి తీసుకోలేదు. వారి సంగతి మీకు తెలిసే అవకాశమే లేదు. స్త్రీ వేషంలో వేదికపై అతిశయమే కళగా ప్రదర్శనలిచ్చే డ్రాగ్ కళాకారులను, తమ కోసమే దుస్తులు వేసుకునే క్రాస్‌డ్రెస్సర్లను ఒకే గాటన కట్టడం కూడా ఈ అభిప్రాయానికి ఒక కారణం.

ఇక మేకప్ సంగతి. గడ్డం ఎంత నున్నగా గీసుకున్నా, చర్మం కింది వెంట్రుకల మొదళ్లు నీలిఛాయగా కనిపిస్తూనే ఉంటాయి. ఆ నీలాన్ని అణచడానికి ముందు నారింజ రంగు కరెక్టర్, దాని మీద ఫౌండేషన్, ఆపైన పౌడరు వేస్తారు. మీకు ఆర్భాటంగా తోచేది చాలాసార్లు దాచుకునే ప్రయత్నమే. దుస్తులదీ అదే కథ: స్త్రీల కొలతలకు కుట్టిన గౌనులో భుజం కుట్టు ఎముకకు లోపలే ఆగిపోతుంది, నడుము కుట్టు పక్కటెముకల మీదికి ఎక్కుతుంది. పైగా తమకు ఏది నప్పుతుందో ఆడపిల్లలు స్నేహితురాళ్ల నవ్వుల మధ్య పదిహేనేళ్లకే నేర్చుకుంటే, ఆయన నడివయసులో ఒంటరిగా, అద్దం ముందు నేర్చుకుంటున్నారేమో.

ఎత్తుమడమలు, పొట్టి స్కర్టులే స్త్రీత్వమన్నట్టు చూపిస్తున్నారని కొందరు స్త్రీలు బాధపడతారు. ఆ మాటను నేను తోసిపుచ్చను. కానీ మెరిస్తే ‘ఎగతాళి’ అని, సాదాగా, స్త్రీలలో కలిసిపోయేలా ఉంటే ‘మోసం’ అని అంటున్నప్పుడు, వారు ఏం వేసుకుంటే మనకు సమ్మతమో చెప్పడం కష్టం.

ఈ సమ్మతి కూడా స్థిరమైనది కాదు. స్త్రీలు పురుషుల దుస్తులు ధరించాలంటే పోలీసుల అనుమతి తీసుకోవాలని పారిస్‌లో 1800లో ఉత్తర్వు వచ్చింది. అది ఇక చెల్లదని ఫ్రాన్స్ ప్రభుత్వం ప్రకటించింది 2013లో. ప్యాంటు వేసుకున్న స్త్రీని ఇప్పుడు ఎవరూ క్రాస్‌డ్రెస్సర్ అనరు. జర్మన్ వైద్యుడు మాగ్నస్ హిర్ష్‌ఫెల్డ్ క్రాస్‌డ్రెస్సింగ్ ప్రవృత్తిపై 1910లో ప్రచురించిన గ్రంథంలోనే, దుస్తుల మీది కోరిక వేరు, లైంగిక ఆకర్షణ వేరు అని వివరించారు. నూట పదేళ్లు దాటినా ఆ రెండింటినీ కలిపేసేవారు తగ్గలేదు.

ఆయనతో అనవచ్చా అంటే, ఆయన అడిగితే అనండి, అదీ వస్తువు గురించి: ‘ఈ గౌను భుజాల దగ్గర బిగుతుగా ఉంది, కొంచెం వదులు చేయించండి’ అన్న మాట ఉపయోగపడుతుంది. ‘సాదాగా ఉండండి’ అంటే మాత్రం కనిపించకుండా ఉండమన్నట్టే వినిపిస్తుంది. మరొకటి, ఆ దుస్తుల్లో ఉన్నప్పుడు చాలామంది వేరే పేరు పెట్టుకుంటారు. ఆయనను ఏమని పిలవాలో నలుగురిలోకి వెళ్లకముందే అడిగి తెలుసుకోండి.