అండమాన్ ఆదివాసుల భాష తమిళానికో తెలుగుకో దగ్గరగా ఉంటుందా?

ఉండదు. అండమాన్ రాజధాని పోర్ట్ బ్లెయిర్‌లో (2024లో శ్రీ విజయపురంగా పేరు మార్చారు) తెలుగు బాగానే వినిపిస్తుంది కానీ, అది బతుకుతెరువు కోసం వెళ్లినవాళ్ల తెలుగు. అక్కడి ఆదివాసుల భాషలు ద్రావిడ భాషలు కావు, హిందీ కుటుంబానివీ కావు.

అసలు అది ఒక్క భాష కాదు. ఓంగే, జారవా తెగల భాషలు ఒకదానికొకటి చుట్టాలు. గ్రేట్ అండమానీస్ వేరే కుటుంబం. బ్రిటిష్‌వాళ్లు 1858లో స్థిరపడేనాటికి అందులోనే పది భాషలుండేవి. తర్వాత మీజిల్స్, సిఫిలిస్ లాంటి రోగాలు ఆ జనాన్ని ఊడ్చేశాయి. మిగిలిన కొద్దిమంది ఇప్పుడు ఎక్కువగా హిందీలోనే మాట్లాడుకుంటారు. 'అక-బో' భాష చివరి మనిషి బోవా సీనియర్ 2010 జనవరిలో చనిపోయింది. అంతకుముందు కొన్నేళ్లు ఆమెకు తన భాషలో బదులిచ్చే మనిషే లేడు.

నాకు ముచ్చటేసేది ఈ గ్రేట్ అండమానీస్ వాళ్ల వ్యాకరణం. అది మనిషి ఒంటి చుట్టూ అల్లుకుని ఉంటుంది. 'నా' అనడానికి మనకు ఒక్క మాట చాలు. వాళ్లకు నోరైతే ఒకటి, చెయ్యైతే ఇంకొకటి. భాషల పేర్ల ముందుండే 'అక' కూడా నోటికి సంబంధించిన ఉపసర్గే.

బయటివాళ్లను దగ్గరికి రానివ్వని సెంటినలీస్ తెగవాళ్ల భాష బయటివాళ్లెవరికీ తెలియదు. నికోబార్ భాషలు మళ్లీ వేరు, అవి కంబోడియాలో మాట్లాడే ఖ్మేర్, జార్ఖండ్ వైపు మాట్లాడే ముండా భాషల కుటుంబానివి.