న్యూజెర్సీ బీచ్‌లో గాలం వేయాలంటే ఏ రీలు కొనాలి?

ప్రశ్న: అన్నా, ఎడిసన్ వచ్చి ఏడు నెలలైంది. మా ఆఫీసులో ఇద్దరు ముగ్గురు శని, ఆదివారాల్లో శాండీ హుక్ బీచ్‌కి చేపలు పట్టడానికి వెళ్తారు, నన్నూ రమ్మంటున్నారు. పది అడుగుల రాడ్ ఒకాయన ఇస్తానన్నాడు. దారం చుట్టే రీలు మాత్రం నేనే కొనుక్కోవాలి. ఆన్‌లైన్లో చూస్తే 30 డాలర్ల నుంచి 900 డాలర్ల దాకా ఉన్నాయి. ఏది తీసుకోమంటావు?

తమ్ముడూ, మాది బాపట్ల దగ్గర. చిన్నప్పుడు పంటకాలవ గట్టు మీద వెదురుగెడకి దారం కట్టి, బెండు వేసి, వానపామును గుచ్చి కూర్చునేవాళ్ళం. రీలంటే ఏమిటో తెలీదు. ఇక్కడికొచ్చిన కొత్తలో నీలాగే ఒకాయన్ని అడిగాను. ఆయన చెప్పింది వినకుండా, పెద్ద షాపులో రాడ్డూ రీలూ కలిపి 40 డాలర్లకి అమ్ముతుంటే పట్టుకొచ్చాను. డబ్బా మీద ‘12 బేరింగులు’ అని పెద్దక్షరాలతో ఉంది మరి! మొదటి రోజే రాడ్డును ఇసుకలో పడేసి తీరిగ్గా పులిహోర తిన్నాను. మూడో వారానికి హ్యాండిల్ తిప్పితే తిరగలిలో పెసలు విసురుతున్నట్టు కరకరమంది.

అందుకే బేరింగుల లెక్క చూడకు. లోపలికి ఉప్పునీరు పోకుండా సీలింగ్ ఉందా, బాడీ లోహందా అన్నది చూడు. సీలింగ్‌ని ఐపీఎక్స్ అంకెతో చెప్తారు. ఐపీఎక్స్5, 6 అంటే పైన నీళ్ళు చిమ్మినా తట్టుకుంటుందని. అల వచ్చి రీలును ముంచేసినా ఏం కాదని మాత్రం కాదు. నీళ్ళలో ముంచినా తట్టుకోవాలంటే 7, 8 ఉండాలి. పెన్ కంపెనీ స్పిన్‌ఫిషర్‌కి ఐపీఎక్స్5, స్లామర్ 4కి ఐపీఎక్స్6. వాళ్ళదే బ్యాటిల్, డైవా వాళ్ళ బీజీ అంతకన్నా చౌక. వాటికి అంత సీలింగ్ లేదు గానీ గట్టి సరుకే. ఒడ్డున పొడి ఇసుకలో నిలబడి వేసేవాడికి చాలు. నువ్వు చూసిన ఆ 900 డాలర్లవి రాత్రిపూట నడుంలోతు నీళ్ళలో దిగి బండరాళ్ళ మీద నిలబడేవాళ్ళ కోసం. ఆ పిచ్చి నీకు పట్టినప్పుడు చూద్దాం.

సైజు దగ్గర కొత్తవాళ్ళందరూ ఒకటే పొరపాటు చేస్తారు. సముద్రం కదా అని 8000, 10000 సైజు అంకె ఉన్న పెద్ద రీళ్ళు కొంటారు. సైజును బట్టీ మోడల్‌ను బట్టీ ఆ రీలు ఒక్కటే ముప్ఫై ఔన్సులు, ఆ పైన కూడా తూగుతుంది. గంటకి వంద సార్లు విసిరితే మణికట్టు సంగతి నీకే తెలుస్తుంది. రబ్బరు చేపలు, ప్లగ్గులు (చెక్కతోనో ప్లాస్టిక్‌తోనో చేసిన ఎర బొమ్మలు) విసిరి లాగే పని అయితే 5000 సరిపోతుంది. బంకర్ అనే ఎర చేప ముక్క గుచ్చి, నాలుగైదు ఔన్సుల సీసంతో దూరంగా పడేసి, రాడ్డును గొట్టంలో నిలబెట్టి కూర్చునే పద్ధతైతే 6000 నుంచి 8000. నీకు దొరికే రాడ్డు పది అడుగులదన్నావు కాబట్టి 5000, 6000 మధ్యలో తీసుకో. ఒక కంపెనీ 5000, ఇంకో కంపెనీ 5000 ఒకటి కావు. అంకె కాకుండా బరువూ, ఎంత లైన్ (గాలపు దారం) పడుతుందన్నదీ చదువుకో. 30 పౌండ్ల దాకా తెగని బ్రెయిడ్ (పోగులతో అల్లిన సన్నటి లైన్) 250 గజాలు పడితే చాలు.

బ్రెయిడ్‌ని ఖాళీ స్పూల్ (రీలులో లైన్ చుట్టుకునే ఉండ) మీద నేరుగా చుట్టకు. అది నున్నగా ఉంటుంది. చేప లాగినప్పుడు చుట్ట మొత్తం స్పూల్ మీదే గిర్రున తిరుగుతుంది, నువ్వేమో డ్రాగ్ (చేప గట్టిగా లాగితే లైన్‌ని కొంచెం కొంచెంగా వదిలే బ్రేకు) పాడైందనుకుంటావు. అడుగున కొన్ని గజాలు మామూలు నైలాన్ లైన్ చుట్టి, దానికి బ్రెయిడ్ ముడి వేయి. అంచుకి రెండు మూడు మిల్లీమీటర్లు తక్కువగా ఆపు. అత్యాశకి పోయి అంచుదాకా నింపితే విసిరిన ప్రతిసారీ పిచ్చుకగూడంత చిక్కు పడుతుంది.

డ్రాగ్ గురించి చెప్తాను, ఇది నాకు ఖరీదుగా అబ్బిన పాఠం. కొత్త రీలు ఉత్సాహంలో నాబ్‌ను బిగించి పెట్టాను. నవంబరు పొద్దున ఒక స్ట్రైపర్ (ఒంటి మీద చారలుండే బాస్ చేప) పట్టింది, రాడ్డు విల్లులా వంగింది, ‘టప్’మంది. అంతే. లైన్ తెగే బరువులో మూడో వంతు కన్నా తక్కువ, నాలుగో వంతు దగ్గర డ్రాగ్ జారాలి. కొలవడానికి నీ దగ్గర పరికరం ఉంది: ఇండియా వెళ్ళేటప్పుడు సూట్‌కేస్ 23 కిలోలు దాటిందా అని చూసుకునే తూకం. లైన్ కొసని దాని కొక్కేనికి కట్టి, రాడ్డు ఎవరి చేతికైనా ఇచ్చి లాగు. 30 పౌండ్ల లైన్‌కి మూడు, మూడున్నర కిలోల దగ్గర రీలు ‘జ్‌ర్ర్’మని వదలాలి. కుదుపు లేకుండా వదిలితే మంచి డ్రాగ్. ఆగి ఆగి వదిలితే షాపుకి తిరిగిచ్చేయి.

విసిరాక హ్యాండిల్ తిప్పి బెయిల్ (స్పూల్ పక్కన తెరిచి మూసే తీగ కమ్మీ) మూసే అలవాటు మానుకో. చేత్తో మూసి, లైన్‌ని ఒకసారి లాగి బిగువు చేసి అప్పుడు తిప్పు. సగం చిక్కులు పోతాయి. కుడిచేతి వాటమైతే రాడ్డు కుడిచేతిలో, హ్యాండిల్ ఎడమవైపు. చాలా రీళ్ళకి హ్యాండిల్ విప్పి అటూ ఇటూ మార్చుకోవచ్చు.

ఇంటికొచ్చాక డ్రాగ్ బిగించి, కుళాయి కింద సన్నటి ధారతో కడుగు. పైపుతో జోరుగా కొడితే ఉప్పు ఇంకా లోపలికి పోతుంది. బకెట్లో అసలు ముంచకు. తుడిచి, ఆరాక డ్రాగ్ వదులు చేసి పెట్టు. లైన్ రోలర్ (బెయిల్ కొసన లైన్ జారే చిన్న చక్రం) మీద ఒక చుక్క నూనె.

16 ఏళ్ళు నిండిన వాళ్ళు సముద్రంలో చేపలు పట్టాలంటే న్యూజెర్సీ రిజిస్ట్రీలో ఏటా పేరు నమోదు చేసుకోవాలి. ఉచితమే, ఫోన్లోనే అయిపోతుంది. స్ట్రైపర్ అయితే 28 అంగుళాలకి తగ్గకుండా, 31 లోపు ఉన్నది రోజుకి ఒక్కటే. కొలతలు మారుతుంటాయి, వెళ్ళేముందు రాష్ట్ర ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ పేజీ చూసుకో. ఎరతో స్ట్రైపర్‌కి వేస్తే సర్కిల్ హుక్ (మొన లోపలికి వంగిన గుండ్రటి కొక్కెం) తప్పనిసరి. రీలుతో పాటు ఒక టేపు కూడా కొను.

వేసవిలో శాండీ హుక్‌లో పార్కింగ్‌కి డబ్బులు కట్టాలి, పైగా ఈతకొచ్చినవాళ్ళ మధ్య గాలం వేయడం కుదరదు. లేబర్ డే (సెప్టెంబరు మొదటి సోమవారం) దాటాక ఆ ఫీజు ఉండదు. అక్టోబరు, నవంబరుల్లో స్ట్రైపర్లు ఒడ్డు వెంబడి దక్షిణానికి దిగుతాయి. సెప్టెంబరులో రీలు కొని, ఖాళీ పార్కులో సీసం కట్టి నాలుగు రోజులు విసరడం ప్రాక్టీసు చెయ్యి. వెనక ఎవరూ లేకుండా చూసుకో.