అంతరిక్షంలో బరువు ఎటు పోతుంది?

ప్రశ్న: అంతరిక్ష కేంద్రంలో గురుత్వాకర్షణ ఉండదు కాబట్టే వ్యోమగాములు తేలుతారా?
– తొమ్మిదో తరగతి విద్యార్థిని

జవాబు: కాదమ్మా. ఇన్నేళ్లు ఫిజిక్స్ చెప్పాను, ఏటా ఎవరో ఒకరు ఇదే అడిగేవారు. ఆ కేంద్రం ఉన్నది సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులో. అక్కడా భూమి ఆకర్షణ ఇక్కడి దాంట్లో దాదాపు 90 శాతం ఉంటుంది. అసలు సంగతేమిటంటే, కేంద్రమూ లోపలి మనుషులూ కలిసి ఒకే తీరున పడిపోతూనే ఉంటారు, అందుకే ఒకరినొకటి నొక్కుకోక తేలుతున్నట్టు ఉంటుంది. సెకనుకు 7.7 కిలోమీటర్ల వేగంతో పక్కకు దూసుకెళ్తుంటారు కాబట్టి, ఎంత పడితే అంతే భూమి వంపు తిరిగిపోతుంది. అందుకే భూమికి తగలరు.

ఇలా కలిసి పడితే ఏమవుతుందో నువ్వే చూడొచ్చు. ప్లాస్టిక్ సీసా అడుగు దగ్గర సన్నని రంధ్రం చేసి, మూత తీసి నీళ్లు నింపు. ధార కారుతుంది కదా, అలాగే ఎత్తు నుంచి వదిలెయ్. సీసా, నీళ్లు కలిసి పడుతున్నంతసేపూ ధార ఆగిపోతుంది! మొదటిసారి చూసినప్పుడు నమ్మలేక నాలుగుసార్లు చేశాను.